నడిచే మనిషికి నొప్పేమిటి

ఆదివారం సాయంత్రం చెప్పులు బాగుచేయించుకుని ఇంటికి వస్తూ కటింగ్ మాస్టరు ఆటస్థలం కంచె దగ్గర ఆగాడు. ఆగాలని ఆగలేదు, కాళ్లు ఆపాయి. ఇరవై ఆరేళ్లుగా బల్ల ముందు నిలబడి బట్ట కోసిన కాళ్లు. పిక్కల మీద నరాలు వానపాముల్లా ముడులుపడి, రెండు వీధులు నడిస్తే చాలు, ఎక్కడో ఒకచోట ఆనుకోమంటాయి. కంచెకి భుజం ఆనించి లోపలికి చూశాడు. మట్టి బాట మీద కాజాలక్క నడుస్తోంది.

నడవడమంటే కూరగాయలకి నడిచినట్టు కాదు. మోచేతులు మడిచి, గడ్డం ఎత్తి, బస్సు వెనకాల పడ్డ మనిషిలా విసవిసా నడుస్తోంది. కాళ్లకి కాన్వాసు బూట్లు. మాస్టరు చూస్తుండగానే ఒక చుట్టు తిరిగింది, ఆగకుండా రెండోది అందుకుంది. మొహం చెమటకి తడిసి నిగనిగలాడుతోంది.

మొన్న శుక్రవారం ఇదే మనిషి తలకి గుడ్డపీలిక బిగించి కట్టుకుని, గోడ పట్టుకుని తానుల గదిలోకి పోయి గంటన్నర పడుకుంది.

వాళ్లిద్దరూ పనిచేసేది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో. మాస్టరు బట్ట కోస్తాడు, నలభై మిషన్లు కుడతాయి, ఆఖర్న కాజాలక్క మిషను మీద గుండీలు దూర్చే కాజాలు పడతాయి, అక్కణ్ణుంచి చొక్కాలు ఇస్త్రీ బల్లకి పోతాయి. కాజాల మిషను ఒకటే. దాన్ని నడిపేదీ ఒకత్తే. ఆవిడ లేచిందంటే వెనక కట్టలు పేరుకుంటాయి, ముందు ఇస్త్రీ బల్ల ఆవులిస్తుంది. నొప్పి వచ్చినప్పుడు తానుల గదిలో పడుకుంటానని డాక్టరు చీటీ చూపించి రెండేళ్ల కిందట ఒప్పించుకుంది. కిటికీ లేని గది అది. గోడల నిండా బట్ట తానులు, చప్పుడు లోపలికి రాదు. ఆ తలుపు మూసుకున్నప్పుడల్లా మాస్టరుకి పిక్కలు ఇంకాస్త ఎక్కువ లాగేవి.

ఇంటికొచ్చి కాళ్లు ఎత్తి స్టూలు మీద పెట్టుకున్నాడు. భార్య గిన్నెలు తుడుస్తోంది.

"కాజాలక్కని చూశాను. బూట్లేసుకుని పందెం గుర్రంలా తిరుగుతోంది" అన్నాడు.

"తిరగనీండి. మీ కాళ్లతో తిరగడం లేదుగా."

"తలనొప్పని గదిలో పడుకుంటుందే, ఆవిడ! నడిచే మనిషికి నొప్పేమిటి?"

"నొప్పి తలలో అన్నారుగా. నడిచేది కాళ్లతోగా."

"నీకు తెలీదు, ఊరుకో."

"సరే, నాకు తెలీదు. మీకు తెలిసిందేదో మీ దగ్గరే ఉంచుకోండి. నలుగురికీ పంచకండి" అంది ఆవిడ, ఆఖరి గిన్నె బోర్లించి.

*

పంచాలని ఫ్యాక్టరీకి వెళ్లలేదు మాస్టరు. ఆ మాట తరవాత తనకి తనే చాలాసార్లు చెప్పుకున్నాడు.

సోమవారం పొద్దున నీలం గీతల బట్టని నలభై మడతలు పరిచాడు. గీత మీద గీత పడేలా అంచులు చేత్తో లాగి, మీద అట్ట నమూనాలు పేర్చి, సుద్దతో చుట్టూ గీశాడు. ఎడమ చేతికి ఇనప గొలుసుల తొడుగు వేసుకుని మిషను కత్తి ఎత్తబోతుంటే మేనేజరు వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. మేనేజరు కుర్రవాడు. చదువుకున్నవాడు. మాస్టరు ఏడో తరగతిలో బడి మానేసిన సంవత్సరానికి ఇతను పుట్టి కూడా ఉండడు. మర్యాదగానే మాట్లాడతాడు, అదే ఇబ్బంది.

"శుక్రవారం రెండొందల చొక్కాలు ఇస్త్రీకి పోలేదు మాస్టారూ. ఎక్కడ ఆగాయి? కటింగ్ లేటా?"

ఇరవై ఆరేళ్లలో తన బల్ల దగ్గర పని ఆగిందని ఎవరూ అనలేదు. మాస్టరుకి చెవులు వేడెక్కాయి.

"నా దగ్గర గురువారం మధ్యాహ్నానికే అయిపోయింది సార్. కాజాల దగ్గర ఆగింది."

"ఆవిడకి తలనొప్పన్నారుగా."

"ఉండొచ్చు సార్. మనకేం తెలుసు, తలలోకి దూరి చూడలేం." అక్కడితో ఆగవచ్చు. కత్తి మిషను మీట మీద వేలుంది, నొక్కితే ఆ హోరులో మాట దానంతటదే ఆగిపోయేది. "నిన్న సాయంత్రం మాత్రం ఆటస్థలం చుట్టూ ఆరు రౌండ్లు కొట్టింది."

చూసింది రెండు. నోట్లోంచి ఆరు వచ్చింది.

మేనేజరు జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో దొర్లించుకుంటూ వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి తానుల గదికి తాళం పడింది. తాళంచెవి మేనేజరు దగ్గర ఉంటుంది, మరీ తప్పనిసరైతే అడిగి తీసుకోవాలి. గదిలో పోయిన గంటలకి బదులుగా కాజాలక్క రోజూ ఆరింటికి కాక ఏడున్నరకి దిగాలి. మంగళవారం నుంచి.

తిండివేళ కాజాలక్క ఎప్పటిలాగే కటింగ్ బల్ల దగ్గరికి వచ్చింది. కోతలో మిగిలిన సన్న పీలికలు ఏరుకోవడం ఆవిడకి అలవాటు. కాళ్లు తుడుచుకునే పట్టాలు అల్లుతుంది కాబోలనుకుని మాస్టరు ఎన్నడూ అడగలేదు. చేతివెడల్పు పీలిక ఒకటి చూసి తీసుకుంది.

"ఇదొక్కటి చాలు మాస్టారూ."

"ఇంకా తీసుకో, ఊడ్చి పారేసేవేగా."

"నెలకి ఒకటి చాలు" అంది. కళ్లు మామూలుగానే ఉన్నాయి. కోపం ఉందేమోనని వెతికాడు, కనబడలేదు. ఇంకా తెలియలేదనుకుని ఊపిరి తీసుకున్నాడు.

ఇస్త్రీ బాబాయ్ మాత్రం ఆవిరి బుసల మధ్యనుంచి అందరికీ వినబడేలా అన్నాడు: "ఎవడో పుణ్యాత్ముడు చూశాట్టరా, మన కాజాలక్క నడుస్తోందని! నేను నిన్న నవ్వాను. అది కూడా ఎవడైనా చూశాడేమో, నా నడుంనొప్పి రద్దయిపోతుంది."

కుట్టే ఆడవాళ్లు పకపకా నవ్వారు. మాస్టరు కూడా నవ్వాడు. నవ్వకపోతే దొరికిపోతాడు మరి.

*

మంగళవారం ఆరింటికి గంట కొట్టారు. అందరూ డబ్బాలు సర్దుకుని దిగిపోయారు. మాస్టరు కత్తికి నూనె రాస్తూ చూశాడు. కాజాలక్క కిటికీ వైపు ఒకసారి తిరిగింది. బయట ఇంకా వెలుతురుంది. కాళ్ల దగ్గర గుడ్డసంచీలో బూట్ల ముక్కులు కనబడుతున్నాయి. వాటిని పాదంతో మిషను కిందకి తోసి, ఇంకో చొక్కా తీసి బల్ల మీద పరిచింది. సూది టకటకమని రెండు వరసలు కుట్టింది, చిన్న కత్తి దిగి మధ్యన చీల్చింది. చొక్కాకి ఏడు కాజాలు. ఏడుసార్లు కత్తి దిగాక మడిచి పక్కన పెట్టి, ఇంకోటి తీసింది.

బుధవారం కూడా అంతే. ఆ సాయంత్రం ఆవిడ మధ్యలో లేచి, మిషన్ల వరసల నడుమ సందులో ఇటునుంచి అటు పది అడుగులు, అటునుంచి ఇటు పది అడుగులు నడవడం మొదలుపెట్టింది. మేనేజరు తన గదిలోంచి వేలితో అద్దాన్ని కొట్టాడు. ఆవిడ కూర్చుంది.

గురువారం పది గంటలప్పుడు ఇస్త్రీ బాబాయ్ ఒక చొక్కాని రెండు భుజాలూ పట్టుకుని, గాల్లో వేలాడేసుకుంటూ కటింగ్ బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏంటయ్యా మాస్టారూ, ఆర్డరు మారిందా? మగాళ్ల చొక్కాలన్నావు. ఇవి ఆడవాళ్లవైపోయాయే?"

కాజాలు ఎడమ వైపు ఉండాలి. కుడి వైపు ఉన్నాయి. ఏడింటికి ఏడూ, చక్కగా, వరసగా. కుట్టు తప్పయితే విప్పుకోవచ్చు. కాజా ఒకసారి కోస్తే అంతే, ఆ బట్టని అతికించే దేవుడు లేడు. బాబాయ్ వెనక ఇంకా పదమూడు చొక్కాలు అలాంటివే ఉన్నాయి.

మాస్టరు తిట్టడానికే వెళ్లాడు. నోట్లో మాట సిద్ధంగా ఉంది. కాజాలక్క మిషను ఆపేసి, రెండు చేతులూ దాని ఇనప పలక మీద ఆనించి, కళ్లు మూసుకుని కూర్చుంది. పెదాల చుట్టూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అడుగుల చప్పుడికి కళ్లు తెరిచి అతని వైపు చూసింది. చూడటంలో తేడా ఉంది, పక్కనున్న ఇంకెవరినో చూస్తున్నట్టు.

"మాస్టారూ, మీ మొహం సగమే కనబడుతోంది."

"ఏ సగం?" అని అడిగాడు. ఎందుకడిగాడో అతనికే తెలియదు.

"చెవి ఉంది. కన్ను లేదు. అక్కడ ఏదో మెరుస్తోంది." అని, పీలికల బుట్ట ముందుకి లాక్కుని అందులో వాంతి చేసుకుంది.

మాస్టరు తానుల గది దాకా పరిగెత్తాడు. చాలా ఏళ్ల తరవాత ఆ కాళ్లు పరిగెత్తడం అది. తాళం. మేనేజరు గదికి వెళ్లాడు. కుర్చీ ఖాళీ. సారు ఆర్డరు ఇచ్చినవాళ్ల ఆఫీసుకి వెళ్లారని, సాయంత్రానికి గాని రారని, తాళంచెవులు ఆయన జేబులోనే ఉన్నాయని చెప్పింది టీ ఇచ్చే అమ్మ.

తిరిగొచ్చి కాజాలక్కని జబ్బ పట్టుకుని లేవదీశాడు. కటింగ్ బల్ల కింద చీకటిగా ఉంటుంది. అక్కడ పీలికల గుట్ట మీద పాత బట్ట పరిచి పడుకోబెట్టాడు. బల్ల మీద పరిచిన నలభై మడతల అడుగున వేసే ముతక గుడ్డ ఉంటుంది, దాని అంచు లాగి కింద దాకా తెరలా వేలాడేశాడు. ఇస్త్రీ బాబాయ్ చెప్పకుండానే తన ఆవిరిపెట్టె ఆపేశాడు.

ఇక కత్తి మిషను వేయడానికి లేదు. అది ఆవిడ తలకి జానెడు పైన హోరెత్తుతుంది. మాస్టరు ఇనప తొడుగు తీసి పక్కన పెట్టి, రేపటి చొక్కాలకి సుద్ద గీతలు గీస్తూ నిలబడ్డాడు. చప్పుడు లేని పని అదొక్కటే.

"సంచీ ఇటివ్వండి మాస్టారూ. మాత్ర ఉంది" అని కిందనుంచి గొంతు వచ్చింది.

సంచీ తెచ్చి వంగబోతే పిక్క పట్టేసింది. సంచీ చేతిలోంచి జారి, బూట్లూ మాత్రల అట్టా నాలుగు గుడ్డపీలికలూ నేల మీద పడ్డాయి. మాత్రల అట్ట తెర కిందుగా తోశాడు. పీలికలు చేతిలోకి తీసుకున్నాడు. తన బల్ల మీద కోసినవే. తెల్లది, గళ్లది, బూడిద రంగుది, మొన్న సోమవారం ఇచ్చిన నీలం గీతలది. తెల్లదాని మీద ఒకదాని కింద ఒకటి కాజాలు కుట్టి ఉన్నాయి. ఏ చొక్కాకీ అన్ని కాజాలుండవు.

"ఇవేంటి?"

తెర వెనక మాత్రల అట్ట చిటుక్కుమంది.

"నొప్పొచ్చిన రోజుకి ఒకటి" అంది. గొంతు నెమ్మదిగా, ఒక్కో మాటా ఏరి పెడుతున్నట్టు వచ్చింది. "పుస్తకంలో రాసి తెమ్మంది డాక్టరమ్మ. నాకు రాతకంటే కాజా సులువు. చూసి ఆవిడ నవ్వింది గానీ, బాగానే ఉందంది."

మాస్టరు గోరుతో లెక్కపెట్టాడు. తెల్లదాని మీద ఇరవై మూడు. గళ్లదాని మీద పదిహేడు. బూడిద రంగుదాని మీద పది. నీలం గీతలది ఈ నెలది. దాని మీద ఇంతవరకు రెండే ఉన్నాయి. ఇవాళ్టిది మూడోది.

"మాత్ర ఏడాదిగా వేస్తున్నాను. వేస్తున్నా ఇరవై దాటే వచ్చేవి. ఒక్క మాత్రతో లాగితే ఒంటికాలి మీద కుంటినట్టే అంది డాక్టరమ్మ. మాత్ర మానకు, నడక మానకు. వారానికి ఐదు రోజులు, నలభై నిమిషాలు. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అంత జోరుగా. నొప్పున్న రోజు వద్దు, లేని రోజు వదలొద్దు. మూడు నెలలు చేసి అప్పుడు చెప్పమంది." ఆగింది. మింగింది. "మొదట్లో నాకూ నవ్వొచ్చింది. తలనొప్పికి కాళ్లరగదీయమంటుందేంటి అని."

"పొద్దున్నే నడవచ్చుగా మరి?"

"పొద్దున మా అత్తగారిని లేపి, కడిగి, కూర్చోబెట్టి తినిపించాలి. మంచంలో మనిషి. ఏడున్నరకి బస్సు."

"ఈ సంగతి ముందే చెప్పొచ్చుగా మాకు. ఎవరికైనా."

"ఏమని చెప్పను మాస్టారూ? నడిచి తల నయం చేసుకుంటున్నానంటే ఒప్పుకుంటారా? నడుస్తున్నానంటేనే ఇంత అయింది."

మాస్టరు సుద్ద పట్టుకుని గీసిన గీత మీదే మళ్లీ గీశాడు.

"ఆరు చుట్లు తిరిగానని ఎవరో చెప్పారంట" అంది కిందనుంచి. "ఆదివారం నేను తిరిగింది నాలుగు. లెక్క నాకు తెలుసుగా."

తరవాత నిద్రపోయింది. మాస్టరు పన్నెండు దాకా కత్తి ముట్టుకోలేదు. ఎవరైనా అటు వస్తే వేలు పెదాల మీద పెట్టి వెనక్కి పంపాడు. అంతసేపూ ఒకే కాలి మీద బరువు మోపి నిలబడ్డాడు. రెండో కాలు కదిపితే తెర కదులుతుందని.

ఆ సాయంత్రం భార్యకి చెప్పాడు, ఏడు మాటల్లో. ఆవిడ "ఊఁ" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

*

శుక్రవారం పొద్దున్నే మేనేజరు గది తలుపు కొట్టాడు. రాత్రంతా కూడగట్టుకున్న మాటలు గుమ్మంలోనే సగం పోయాయి.

"సార్, నేను సోమవారం చెప్పింది తప్పు. ఆవిడకి నొప్పి నిజమే. నడక దానికి మందు. మాత్రా నడకా కలిపి వాడమంది డాక్టరు. నడవబట్టే తగ్గుతోంది. ఇరవై మూడు నుంచి పదికి వచ్చింది సార్, నేను లెక్కపెట్టాను."

"కూర్చోండి మాస్టారూ."

కూర్చోలేదు.

"మీరు సోమవారం చెప్పింది నేను పైఆఫీసుకి రాసి పంపేశాను. 'సీనియర్ ఉద్యోగి స్వయంగా చూసిన మీదట' అని. ఇప్పుడేమంటారు, ఆవిడకి జబ్బుందంటారా, లేదంటారా?"

"ఉంది సార్."

"జబ్బున్న మనిషిని కత్తి ఉన్న మిషను మీద కూర్చోబెట్టడం కుదరదు. నిన్న పద్నాలుగు చొక్కాలు పోయాయి. రేపు వేలు పోతుంది. అప్పుడు నేను జవాబు చెప్పాలి. కింద దారాలు కత్తిరించే దగ్గరికి మార్చేయాలి ఆవిడని. మధ్యాహ్నం రెండు నుంచి పది దాకా షిఫ్టు."

మాస్టరు బల్ల అంచు పట్టుకున్నాడు. "ఆవిడకి కాజాలు తప్ప వేరే పని వద్దు సార్. ఆవిడ చెయ్యి అలాంటిది. ఆ షిఫ్టయితే అత్తగారిని రాత్రిపూట చూసేవాళ్లు లేరు."

"అయితే జబ్బు లేదనండి. లేకపోతే గది అక్కర్లేదు. గది వాడకపోతే బదులు గంటలు అక్కర్లేదు. ఆరింటికి అందరితోపాటు దిగిపోవచ్చు, ఎక్కడైనా నడుచుకోవచ్చు. నాకేం అభ్యంతరం లేదు. కాగితం మీద రాసిస్తే చాలు."

"సార్, రెండూ నిజమే. నొప్పీ ఉంది, నడకా ఉంది."

"నాకూ అర్థమవుతోంది మాస్టారూ" అన్నాడు మేనేజరు, నిజంగానే జాలిపడుతున్నట్టు. "రెండు నిజాలు రాయడానికి ఫారంలో చోటు లేదు."

*

శనివారం ఆరుకి పావుగంట ముందు ఇద్దరినీ పిలిచారు. బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది. కాజాలక్క నిలబడే చదివింది. ఒక్కో మాట కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ. తనకు ఏ విధమైన తలనొప్పి జబ్బూ లేదని, ఇదివరకు విశ్రాంతికి వాడుకున్న గది ఇకపై కోరనని, పనిలో ఏ పొరపాటు జరిగినా జబ్బు పేరు చెప్పనని అందులో ఉంది.

"పెట్టకు" అన్నాడు మాస్టరు. మేనేజరు ముందు అంత గట్టిగా ఎన్నడూ మాట్లాడలేదు. "ఇది పెట్టావంటే రేపు నొప్పొస్తే ఎక్కడ పడుకుంటావు? ఏమని చెబుతావు?"

ఆవిడ కాగితం మీంచి వేలు తీయలేదు.

"నెలకి పదిసార్లు వచ్చే నొప్పికి గది కావాలి మాస్టారూ. అది రెండుకి దిగాలంటే నడక కావాలి. రెండూ ఇవ్వరంట. మీరైతే ఏది తీసుకుంటారు?"

ఆవిడ అడిగింది జవాబు కోసం కాదు. పెన్ను తీసుకుని, గుండ్రంగా, బడిపిల్లలా, అక్షరం అక్షరం విడదీసి సంతకం పెట్టింది. పెట్టాక కాగితాన్ని అతని వైపు తిప్పింది.

"సాక్షి అక్కడ, మాస్టారూ. కిందన."

"నేను పెట్టను. అబద్ధమని తెలిసి ఎలా పెట్టను?"

"మీరు పెట్టకపోతే ఇది చెల్లదంట. సోమవారం కింద సెక్షనుకి పొమ్మంటారు." ఆవిడ గొంతులో విసురు లేదు. పనిలో చిన్న సంగతి గుర్తుచేస్తున్నట్టే అంది. "మీకు కొత్త మాటేం కాదుగా. ఇదివరకు నోటితో అన్నదేగా."

మాస్టరు తల ఎత్తి చూశాడు. సోమవారం పీలిక తీసుకున్నప్పుడు ఉన్న కళ్లే అవి. అప్పుడూ ఆవిడకి తెలుసు.

పెన్ను తీసుకున్నాడు. నలభై మడతల బట్టని వెంట్రుకవాసి తేడా రాకుండా కోసే చెయ్యి అది. తన పేరు రాయడానికి రెండుసార్లు ఆగింది. మేనేజరు తేదీ కూడా వేయమన్నాడు. వేశాడు.

గంట కొట్టారు. కాజాలక్క వస్తానని ఇద్దరికీ కలిపి చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

మేనేజరు కాగితాన్ని ఫైల్లో పెట్టి, తాడు ముడివేస్తూ తేలిగ్గా నవ్వాడు. "చూశారా మాస్టారూ, అనవసరంగా మీరే కంగారుపడ్డారు. మొదట మీరు చెప్పిందే సరైనదని తేలింది."

మాస్టరు నోరు తెరిచాడు. ఫైలు అప్పటికే మూసి ఉంది. లోపల, ఆవిడ పేరు కింద, తన పేరుంది. నోరు మూసుకుని, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగడం మొదలుపెట్టాడు.